రక్తంలోకి ఎక్కించినా మెదడుకు చేరని డోపమైన్

ఐసీయూలో బీపీ పడిపోయిన పేషెంట్లకు కొన్నిసార్లు డోపమైన్ ఎక్కిస్తారు. రోగి బరువును బట్టి, నిమిషానికి ఇన్ని మైక్రోగ్రాములని లెక్కగట్టి సిరంజి పంపు దాన్ని సన్నగా తోస్తుంటుంది. రీల్స్ చూస్తే పెరిగిపోతుందని అందరూ చెప్పుకునే డోపమైన్ కూడా ఇదే. మరి ఆ పేషెంటుకు హుషారు పుట్టాలి కదా? పుట్టదు. మెదడులోని సన్నటి రక్తనాళాల గోడల్లో కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. డోపమైన్ వాటిని దాటి లోపలికి పోలేదు.

కాబట్టి బయట దాని పని గుండెతోనూ, రక్తనాళాలతోనూ. ఓ మోస్తరు మోతాదులో గుండె గట్టిగా కొట్టుకుంటుంది, ఇంకా పెంచితే నాళాలు బిగుసుకుని బీపీ లేస్తుంది. తక్కువ మోతాదులో ఇస్తే కిడ్నీలను కాపాడుతుందని డాక్టర్లు చాలాకాలం నమ్మారు. 2000లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల్లో చేసిన పరీక్షలో అది నిలబడలేదు. గుండె లయ తప్పించే గుణం కూడా ఉండటంతో ఇప్పుడు చాలాచోట్ల ముందు నార్‌ఎడ్రినలిన్ అనే వేరే మందునే వాడుతున్నారు.

మెదడులో సంగతి వేరు. 1950ల్లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. మన సర్పగంధి వేరులో దొరికే బీపీ మందు అది, మెదడులో డోపమైన్‌ను ఖాళీ చేస్తుంది. కుందేళ్లు చెవులు వేలాడేసి, కదలకుండా చతికిలబడ్డాయి. మెదడులో డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఎక్కించాక, కాసేపటికే చెవులు నిక్కబొడుచుకుని తిరగడం మొదలుపెట్టాయి. డోపమైన్‌కు ‘సంతోషం రసాయనం’ అని పేరు పడిపోయింది గానీ, ఆ కుందేళ్లు పోగొట్టుకున్నది కదలికను! కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది.

1960లో వియన్నాలో హార్నికీవిచ్ అనే శాస్త్రవేత్త, ఒళ్లు వణికి కదలికలు మందగించే జబ్బు పార్కిన్సన్స్‌తో చనిపోయినవారి మెదళ్లలో కదలికలను నడిపే భాగాన్ని పరీక్షిస్తే డోపమైన్ బాగా తగ్గిపోయి ఉంది. లోటు తెలిసినా డోపమైన్‌నే ఇచ్చి లాభం లేదు, లోపలికి పోదు కాబట్టి. అందుకే లెవోడోపా, అంటే ఆ ఎల్-డోపానే. అది అమైనో ఆమ్లం కనుక వాటికోసం ఉన్న దారిలో మెదడులోకి దూరిపోతుంది. దారిలోనే డోపమైన్‌గా మారిపోయి వాంతులు తెప్పించకుండా కార్బిడోపా కలిపి మాత్ర చేస్తారు. ముట్టుకుంటే ఒళ్లంతా దురద పెట్టే దూలగొండి కాయల గింజల్లోనూ లెవోడోపా ఉంది. 1937లో మద్రాసు పరిశోధకులు దాన్ని వేరు చేశారు. అలాగని గింజలు నూరుకుని తాగొద్దు, ఎంత మందు పోతోందో తెలియదు.

పప్పు, గుడ్డు, మాంసం అరిగాక వచ్చే అమైనో ఆమ్లాలు కూడా ఆ దారినే పోవాలి. అవి ఎక్కువైతే లెవోడోపాకు చోటు దొరకదు. భోజనంతోపాటు వేసుకున్న మాత్ర కొందరికి సరిగా పనిచేయనిది అందుకే. అలాంటివాళ్లను తిండికి అరగంట ముందే వేసుకోమంటారు.