ఉన్ని తగ్గిన గొర్రె, ఒంట్లోని కొలిమి: చలికీ జీవక్రియకూ మధ్య ఉన్న కథ

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో మంద కాసే గొల్లకురుమలకు చలి కొత్తది కాదు. పుష్యమాసపు రాత్రుల్లో అప్పుడే పుట్టిన పిల్లను గంప కింద కమ్మడం, ముర్రుపాలు తాగేదాకా తల్లి దగ్గరే ఉంచడం, తాము గొంగడి కప్పుకొని మంద పక్కనే పడుకోవడం తరతరాలుగా వస్తున్నదే. అయితే ఆ గొంగడికి ఉన్ని ఇచ్చిన దక్కనీ గొర్రె ఇప్పుడు అరుదవుతోంది. ఉన్నికి గిరాకీ పడిపోయి మాంసానికి పెరగడంతో, ఉన్ని లేకుండా పొట్టి వెంట్రుకలతో ఉండే నెల్లూరు జాతి గొర్రెలు మందల్లో ఎక్కువయ్యాయి. ఒంటిమీది దుప్పటి పలచబడితే ఆ లోటును ఒంట్లో పుట్టే వేడి పూడ్చాలి. ఆ వేడి ఎలా పుడుతుంది, చలి రోజుల తరబడి సాగితే శరీరానికి ఏమవుతుంది అన్న ప్రశ్నలకు జవాబు వెతకడానికి శాస్త్రజ్ఞులకు రెండు శతాబ్దాలకు పైగా పట్టింది.

1780లలో ఫ్రాన్సులో లవోయిజర్, లాప్లాస్‌లు మంచుతో చుట్టిన పాత్రలో గినీపిగ్‌ను ఉంచి, కరిగిన నీటిని తూచి, శ్వాస అంటే నిదానంగా సాగే దహనమేనని తేల్చారు. ఆ దహనంలో విడుదలైన శక్తిని కణంలో మోసే పదార్థం 1929 దాకా బయటపడలేదు. ఏటీపీ అనే ఆ పదార్థాన్ని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు కావడం ప్రతి తెలుగు విద్యార్థీ తెలుసుకోవలసిన సంగతి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు.

ఏటీపీ తయారయ్యే తీరును 1961లో పీటర్ మిచెల్ వివరించాడు. దాన్ని మన చెరువుతో పోల్చి చూడవచ్చు. ఆహారం మండినప్పుడు వచ్చే శక్తితో కణంలోని శక్తి కేంద్రమైన మైటోకాండ్రియా తన లోపలి పొరకు ఒక పక్కన ప్రోటాన్లను (ధనావేశపు హైడ్రోజన్ కణాలను) చెరువులో నీటిలాగా నింపుతుంది. అవి తూము గుండా తిరిగి దిగేటప్పుడు ఏటీపీ తయారవుతుంది. గోధుమ రంగు కొవ్వులో మాత్రం తూముతోపాటు అలుగులాంటి దారి ఒకటి ఉంది. దాని గుండా పారిన ప్రోటాన్ల శక్తి ఏటీపీగా మారకుండా మొత్తం వేడిగానే వెలువడుతుంది. ఈ కొవ్వును 1551లోనే గెస్నర్ మార్మట్ అనే ఉడుతజాతి జంతువులో చూసి రాశాడు గానీ, అది వేడిని పుట్టించే అవయవమని తేలడానికి 1960లు రావలసి వచ్చింది. అలుగు పని చేసే యూసీపీ1 అనే ప్రోటీన్ 1970లలో బయటపడింది. 1997లో ఆ ప్రోటీన్ లేకుండా పుట్టించిన ఎలుకలు చలికి తట్టుకోలేకపోయాయి. 5 డిగ్రీల చలిలో ఉంచిన మామూలు ఎలుక మొదట వణుకుతుంది. కొన్ని వారాలకు ఈ కొవ్వు పెరిగి, వణుకు తగ్గి, నరాల నుంచి వెలువడే నారడ్రినలిన్ అనే రసాయనం ఆజ్ఞతో వేడి పుడుతూ ఉంటుంది. దానికి తగ్గట్టే ఆక్సిజన్ వాడకమూ, మేతా పెరుగుతాయి.

ఇక్కడే రెండో కథ మొదలవుతుంది. 1956లో డెన్‌హామ్ హార్మన్ వార్ధక్యానికి స్వేచ్ఛా రాడికల్స్, అంటే శరీరం ఆక్సిజన్ వాడేటప్పుడు పుట్టి కణాలను దెబ్బతీసే చురుకైన అణువులు, కారణమన్నాడు. 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్‌లు వాటిని అణచే ఎంజైమును కనుగొన్నారు. రాడికల్స్ దాడి శరీర రక్షణను మించిన స్థితికి 1985లో హెల్మట్ సీస్ ‘ఆక్సీకరణ ఒత్తిడి’ అని పేరు పెట్టాడు. వేగంగా బతికే జీవి త్వరగా చస్తుందని రేమండ్ పెర్ల్ 1928లో చెప్పిన సిద్ధాంతాన్ని దీనితో కలిపితే, దీర్ఘకాలపు చలి ఆయుష్షును తగ్గించాలి. చలిలో ఉంచిన ఎలుకల కాలేయంలో కొవ్వుల ఆక్సీకరణ, అంటే రాడికల్స్ వల్ల అవి దెబ్బతినడం, పెరిగినట్టు ప్రయోగాలు చూపాయి కూడా.

అయితే 1986లో హొలోస్జీ, స్మిత్‌లు ఎలుకలను వారానికి ఐదు రోజులు, రోజుకు నాలుగు గంటలు 23 డిగ్రీల నీటిలో ఉంచారు. అవి 44 శాతం ఎక్కువ తిన్నాయి, ఆయుష్షు మాత్రం తగ్గలేదు. 2016లో చౌచానీ బృందం ఇంకో అడుగు వేసి, చలిలో పుట్టే ఆ రాడికల్సే ఎలుకల్లో యూసీపీ1ను పనికి పురికొల్పే సంకేతాలని చూపింది. కాబట్టి చలిలో రాడికల్స్ పెరగడమంటే నష్టమేనని చెప్పడం తొందరపాటని నా అభిప్రాయం.

ప్రయోగశాల ఎలుకకు 44 శాతం అదనపు మేత దొరికిందన్న మాటను మాత్రం మనం మరవకూడదు. పాలమూరు బీళ్లలో చలికాలం నడిమికి వచ్చేసరికి పచ్చిక ఎండుతుంది. ఎండిన గడ్డిలో, జొన్నచొప్పలో రాడికల్స్‌ను అణచే విటమిన్ ఇ పచ్చిమేతలో ఉన్నంత ఉండదు. కొలిమికి కట్టె, రక్షణకు విటమిన్ రెండూ అవసరమైన నెలల్లోనే రెండూ తగ్గుతాయి. నా దృష్టిలో అసలు ఇబ్బంది చలి ఒక్కటే కాదు, చలితో కలిసి వచ్చే ఆకలి.

గొర్రెపిల్ల సంగతి మరీ సున్నితమైనది. పుట్టేటప్పుడు దాని మూత్రపిండాల చుట్టూ ఉన్న కొవ్వు గోధుమ రకానిదే. కొన్ని వారాల్లోనే అది మామూలు తెల్ల కొవ్వుగా మారిపోతుంది. పుట్టుకతో వచ్చిన ఆ కాస్త నిల్వ, తడిసిన ఒంటి నుంచి వేడి ఆవిరితోపాటు పోతుండగా గంటల్లోనే కరుగుతుంది. ఆ తరువాత దానికి ఇంధనం ముర్రుపాలే.