అందుగు బంక, అరిగిన మోకాలు

నల్లమలలో, ఆదిలాబాద్ అడవుల్లో రాళ్లగుట్టల మీద ఎండాకాలం ఆకులన్నీ రాల్చుకుని నిలబడే చెట్టు అందుగు. దాని బెరడు కాగితంలా పలచని పొరలుగా ఊడివస్తుంది. కత్తితో కాస్త చెక్కితే పాలలాంటి జిగురు ఊరి, క్రమంగా తేనె రంగు బొట్లుగా గట్టిపడుతుంది. నిప్పుల మీద వేస్తే ఇల్లంతా పరిమళం. ఆయుర్వేదంలో ఈ చెట్టు పేరు సల్లకి. కీళ్ల నొప్పులకు దీని బంక వాడడం చాలా పాత అలవాటు.

పాత అలవాటు అన్నంత మాత్రాన మందు అయిపోదు. నన్ను ఈ బంక దగ్గర నిలబెట్టింది మరొకటి: అది శరీరంలో ఎక్కడ పట్టుకుంటుందో శాస్త్రవేత్తలు చూడగలిగారు.

కీలు వాచినప్పుడు కణాల పొరల్లోని అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం ముఖ్యంగా రెండు దారులు పడుతుంది. ఒక దారిలో నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు పుడతాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు మూసేది ఆ దారినే. రెండో దారిలో 5-లిపాక్సిజనేజ్ అనే ఎంజైము ల్యూకోట్రయీన్లను తయారుచేస్తుంది. తెల్లరక్తకణాలను వాపు ఉన్న చోటికి పిలిచే రసాయనాలు వీటిలో ఉన్నాయి. పిలుపందుకుని అవి గుంపుగా చేరితే వాపు ఇంకా ముదురుతుంది.

అందుగు బంకలోని బోస్వెల్లిక్ ఆమ్లాల్లో ఒకటి, పొట్టిగా ఏకేబీఏ అనేది, ఈ రెండో దారికి అడ్డుపడుతుంది. ఎంజైమును స్ఫటికంగా మార్చి ఎక్స్-కిరణాలతో తీసి, 2020లో వెలువరించిన చిత్రంలో ఆ అడ్డు కళ్లకు కట్టింది. ఎంజైములో అసలు పని జరిగేది ఇనుప పరమాణువు ఉన్న గుంటలో. ఏకేబీఏ అక్కడికి వెళ్లనే లేదు. చాలా దూరంగా, ఎంజైము రెండు భాగాలు కలిసే సందులో ఇరుక్కుని కూర్చుంది. తలుపు బందు సందులో పుల్ల దూరిస్తే తలుపు సరిగా పడదు కదా, అలాంటి అడ్డు.

ఇక మనుషుల మీద పరీక్ష. 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనం మన ఏలూరులోనే జరిగింది. మోకాలి కీళ్లు అరిగిన 75 మందిని మూడు జట్లు చేసి, 90 రోజులపాటు ఒక జట్టుకు రోజుకు 100 మిల్లీగ్రాములు, మరో జట్టుకు 250 మిల్లీగ్రాముల బంక సారం, మూడో జట్టుకు మందు లేని క్యాప్సూళ్లు ఇచ్చారు. సారం తీసుకున్నవారికి నొప్పి తగ్గింది, నడక మెరుగైంది. మృదులాస్థిని కొరికే ఒక ఎంజైము కీలు ద్రవంలో తగ్గినట్టు కూడా తేలింది. అయితే పాల్గొన్నవారు కొద్దిమంది. పైగా సారాన్ని తయారుచేసిన విజయవాడ సంస్థ పరిశోధకులు ఆ అధ్యయనంలో ఉన్నారు. సంబంధం లేని చేతుల్లో, ఎక్కువ మంది మీద ఇదే ఫలితం మళ్లీ రావాలని నేను బలంగా కోరుకుంటాను.

ఆ సారంలో ఏకేబీఏ 30 శాతం ఉండేలా చిక్కబరిచారు. పచ్చి బంకలో అది చాలా తక్కువ. మింగినదీ అంత తేలిగ్గా రక్తంలోకి చేరదు. నెయ్యో నూనో బాగా ఉన్న భోజనంతో తీసుకుంటేనే రక్తంలో దాని మోతాదు కొన్ని రెట్లు పెరుగుతుంది. అందువల్ల కొట్లో కొన్న పొడి చెంచాడు తిని, పరీక్షలో వచ్చిన ఫలితం ఆశించలేం.

అరిగిన మోకాలిని, రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను ఒకే గాటన కట్టడం ఇంకా పెద్ద పొరపాటు. పొద్దున్నే లేవగానే రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోయి, గంట గడిచినా పిడికిలి మూతపడక, కాఫీ గ్లాసు పట్టు దొరకని జబ్బు అది. అక్కడ శరీరపు రక్షణ వ్యవస్థే కీలు లోపలి పొర మీద పడుతుంది. ఈ జబ్బు ఉన్న 37 మంది మీద జర్మనీలో 12 వారాల పరీక్ష జరిగింది. 1998లో ఫలితాలు వచ్చాయి. వాడుతున్న మందులకు తోడుగా అందుగు సారం ఇచ్చినా, మందు లేని మాత్ర ఇచ్చినా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఎవరో చెప్పారని ఈ జబ్బును అదుపులో ఉంచే మెథోట్రెక్సేట్ మందు ఆపేసి బంక పొడి మొదలుపెట్టే వారిని తలచుకుంటే భయం వేస్తుంది. మందు లేని ఆ నెలల్లో వాపు ఎముక అంచులను తినేస్తుంది. అలా పోయిన ఎముకను మళ్లీ మునుపటిలా నింపగల మందు అల్లోపతిలోనూ లేదు, అడవిలోనూ లేదు.