మావయ్యా, అరసోల ఉందా?

మా కోనసీమలో కళ్లంలో ధాన్యం కొలిచే పెద్దలు ఒకటి అనేవారు కాదు, ‘లాభం’ అనేవారు. తర్వాత రెండు, మూడు... ఆరు దాటాక ‘ఆరున్నొక్కటి’. ఏడుపు మాట కళ్లంలో వినబడకూడదట. కుంచం పక్కన కూర్చున్న పిల్లాడికి ఏడంటే ఆరూ ఒకటీ అని వేరే చెప్పక్కర్లేకపోయేది.

తెర మీద కథ చెప్పి లెక్క నేర్పడం ఇప్పటి ముచ్చట. లెక్కకు కథ అతికించడం మాత్రం పాత పనే. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహంలో ప్రణయ కలహంలో తెగిన ముత్యాలహారం ఒక భిన్నాల లెక్క. ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన, రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి కాలంవాడని చెబుతారు. పద్యం నోటికొస్తే లెక్కా దానితోపాటే ఉండిపోతుంది.

వీధిబడికొచ్చేసరికి ఇసుకలో అంకెలు, ఎక్కాల వల్లింపు, బెత్తం. కథకు చోటు తక్కువ.

భిన్నాలు మాత్రం వంటింట్లో దొరికేవి. బియ్యం కొలిచే మానికలో సగం తవ్వ, పావు సోల, సోలలో పావు గిద్ద. అంటే గిద్ద మానికలో పదహారో వంతు, వీసం. మా అమ్మమ్మ సోల చేతికిచ్చి బియ్యం పొయ్యమనేది. నాలుగు పోసినా మానిక నిండలేదంటే ఎక్కడో వెలితిగా పోశానన్నమాట. తప్పు మానికే చెప్పేది.

1957 ఏప్రిల్ 1న నయా పైసలొచ్చాయి, వెనకే మెట్రిక్ కొలతలు. లెక్క సులువైంది, కాదనను. వీసం మాత్రం గీత కింద 16 అయి కూర్చుంది.

అమెరికాలో 1967లో సీమోర్ పేపర్ట్, సహచరులు పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేశారు. ‘ఇంత దూరం నడువు, ఇంత తిరుగు’ అని పిల్లలే గీతలు గీసే తాబేలు బొమ్మకు చెబుతారు. చతురస్రం రాకపోతే ఎక్కడ తప్పిందో వాళ్లే వెతుక్కుంటారు. నా లెక్కలో ఆ తాబేలు అమ్మమ్మ మానికకు చుట్టమే.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. ఫోన్లలో లెక్కల యాప్‌లు అంతకుముందే ఇళ్లలోకొచ్చాయి. మొన్న మా మేనకోడలు అలాంటి ఒక యాప్‌లో పిజ్జా ముక్కలు లెక్కపెడుతోంది. పిజ్జా ఎప్పుడూ తిన్న పిల్ల కాదు. ఎనిమిదింట మూడు అని నొక్కింది, నక్షత్రాలు రాలాయి. అటక మీంచి మానికా సోలా దింపి, మానికలో అంతే బియ్యం పొయ్యమన్నాను.

ఒక సోల పోసి ఆగింది. మానికలోకి తొంగిచూసి, ‘మావయ్యా, అరసోల ఉందా?’ అంది.