బస్తాలో దొరకని విషం రక్తంలో దొరికింది

1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో జనానికి కామెర్లు పట్టుకున్నాయి. పొట్టలో నీరు చేరింది. వాళ్లు పెట్టిన తిండి తిన్న కుక్కలకూ అదే జబ్బు. 397 మంది మంచాన పడితే 106 మంది చనిపోయారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, రమేశ్ భట్ బృందం కారణం తేల్చింది: వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న. ఆ బూజు వదిలే విషం పేరు అఫ్లాటాక్సిన్.

శాస్త్రవేత్తలకు అది కొత్త కాదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, వాటికి పెట్టిన వేరుశనగ చెక్కలో దొరికింది. ఉడికించినా, వేయించినా పూర్తిగా పోదు. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే లివర్ క్యాన్సర్‌కు దారితీస్తుంది. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లకు ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ.

అయితే ఎవరు ఎంత తిన్నారో చెప్పేదెలా? బూజు బస్తా అంతటా సమానంగా ఉండదు. కొన్ని గింజల్లోనే విషమంతా ఉండొచ్చు, పరీక్షకు తీసిన దోసెడు పల్లీలు శుభ్రంగా ఉండొచ్చు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పల్లీల్లో ఈ విషాన్ని తక్కువ ఖర్చుతో కొలిచే ఎలైసా పరీక్ష మీద చాలా పనిచేసింది. అది పంటకు మేలు చేసింది, కానీ మనిషి ఒంట్లోకి ఎంత వెళ్లిందో గింజ చెప్పలేదు.

ఆ జవాబు 1980ల చివర్లో రక్తంలో దొరికింది. లివర్ అఫ్లాటాక్సిన్‌ను మార్చేటప్పుడు పుట్టే చురుకైన పదార్థం రక్తంలోని ప్రోటీన్ అల్బుమిన్‌కు అతుక్కుంటుంది. అల్బుమిన్‌లో సగం మారిపోవడానికే మూడు వారాల దాకా పడుతుంది కాబట్టి, ఒక్క రక్త నమూనా గత రెండు మూడు నెలల తిండి గురించి చెబుతుంది. షుగర్ ఉన్నవాళ్లు చేయించుకునే మూడు నెలల సగటు పరీక్ష లాంటిదే ఇది. 2004లో కెన్యాలో మొక్కజొన్న వల్ల 317 మంది జబ్బుపడి 125 మంది చనిపోయినప్పుడు, రోగుల రక్తంలో ఈ గుర్తు ఇతరుల కంటే చాలా ఎక్కువగా కనిపించింది.

ఈ పరీక్ష ఒక మనిషికి జబ్బు ఉందో లేదో చెప్పేది కాదు. ఏ ఊళ్లో, ఏ కాలంలో, ఎవరి ఒంట్లోకి విషం ఎక్కువగా వెళుతోందో చూపించేది. యూరప్‌ నేరుగా తినే పల్లీల్లో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి ఒప్పుకోదు. మన దగ్గర అలాంటి పల్లీలకు పరిమితి 10. సరుకు లెక్కలు ఇలా ఉన్నాయి, మనుషుల లెక్క మాత్రం క్రమం తప్పకుండా తీయాల్సి ఉంది. పంట పరిశోధన, పోషకాహార పరిశోధన రెండూ ఉన్న హైదరాబాదే ఆ పనికి ముందు నిలవాలి. వానాకాలం పంట ఇంటికొచ్చాక ఒకసారి, నిల్వ గింజలు అడుగంటే ఎండాకాలంలో మరోసారి అవే కుటుంబాల రక్తం చూస్తే, విషం పొలంలో పడుతోందో ఇంట్లో గాదెలో పెరుగుతోందో చాలావరకు తేలుతుంది.