పసుపుగుడ్డలో రూపాయి

తిరుపతి

పిల్లలకు ఆశీస్సులు.

మీలో ఒక పాప అడిగింది: "తాతా, బడి ఫీజుకు నాయన చేబదులు తెచ్చినాడు. దేవుని పటం దగ్గర పసుపుగుడ్డలో డబ్బులుండాయి కదా, అవెందుకు తీయలేదు? ఎక్కడున్నా డబ్బు డబ్బే కదా?"

ముందు ఆ మూట సంగతి. దాన్ని ముడుపు అంటారు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, జేబురుమాలంత కొత్త తెల్లగుడ్డను పసుపునీళ్ళలో ముంచి ఆరేస్తారు. ఆరినాక రూపాయి బిళ్ళలు పెట్టి, మొక్కు చెప్పుకొని ముడి వేస్తారు. తడి ఆరకుండా కడితే బిళ్ళకు మచ్చ పడుతుంది, నోటైతే బూజు పడుతుంది. మొక్కు తీరినాక కొండకు పోయి, ముడి విప్పకుండానే శ్రీవారి హుండీలో వేస్తారు. పరకామణిలో విప్పి, బిళ్ళలు వేరు, నోట్లు వేరు చేసి లెక్కపెడతారు. అంతదాకా ఆ రూపాయి అంగడి ముఖం చూడదు.

ఇప్పుడు పాలను తలచుకోండి. మన పల్లెల్లో పొద్దున, సాయంత్రం కేంద్రంలో పాలు పోస్తారు. అక్కడ లీటర్లు కొలిచి, వెన్న శాతం చూసి ధర కడతారు. అదే ఆవు ఈనగానే ఇచ్చే జున్నుపాలను కేంద్రంలో తీసుకోరు, కాస్తే విరిగిపోతాయి. దూడ తాగంగా మిగిలినవి చెంబులో పోసి పక్కింటికి పంపుతారు. వాళ్ళు చెంబును ఖాళీగా తిప్పి పంపరు, బెల్లంముక్కో గుప్పెడు బియ్యమో వేసి ఇస్తారు. "లీటరెంత?" అని అడిగితే మాత్రం పంపినామె మనసు నొచ్చుకుంటుంది. నాగులచవితికి పుట్టలో పోసే పాలకైతే వెన్న శాతం ఎవరు చూస్తారు? అన్నీ ఒక్క పొదుగులోవే.

కూలిడబ్బు కేంద్రంలో పోసే పాలు. ముడుపు పుట్టలో పోసే పాలు. పెళ్ళిలో చదివింపులు జున్నుపాలు.

ఈసారి పెళ్ళికి పోయినప్పుడు నోటుపుస్తకం పట్టుకొని కూర్చున్నాయన పక్కన కాసేపు నిలబడండి. పేరు, ఊరు, మొత్తం రాస్తాడు. 101, 116, 516. ఉత్త నూరు కనబడడం అరుదు. సున్నతో ముగిస్తే లెక్క తెగిపోయినట్టు, పైన రూపాయి వేస్తే ఇంకా సాగుతున్నట్టు. అంగట్లో అమ్మే కవరు మీద రూపాయి బిళ్ళ అంటించి ఉండేది అందుకే. పదహారు అంకె మీద మనకు మమకారం ఎక్కువ. ఒకప్పుడు రూపాయికి 16 అణాలు. 1957 ఏప్రిల్ 1 నుంచి 100 పైసలైంది. అణాలు పోయినాయి గానీ "పదహారణాల నిజం" అన్న మాట పోలేదు.

ఏండ్ల తర్వాత ఆ చదివించినవాళ్ళింట్లో పెళ్ళయితే, ఆ పుస్తకమే తీసి చూసి, పైన కొంత కలిపి చదివిస్తారు. తక్కువిస్తే చిన్నబుచ్చుకుంటారు. సరిగ్గా అంతే ఇచ్చినా "అప్పు తీర్చేసినారే" అనుకుంటారు. కానీ పిల్లలూ, పక్కవాళ్ళ అంకె చూసి వడ్డీకి తెచ్చి మరీ చదివించేవాళ్ళున్నారు. అది తప్పు. ఆ పుస్తకం గుర్తుకే గానీ పోటీకి కాదు.

మనసు డబ్బును ఇట్లా వేరువేరు డబ్బాల్లో వేసుకుంటుందని రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త వివరించినాడు. ఆయనకు 2017లో నోబెల్ బహుమానం వచ్చింది. బియ్యం డబ్బాలో నోట్లు దాచే మీ అవ్వకు అది ముందే తెలుసు.

పాపా, మీ నాయన తెచ్చిన చేబదులు వచ్చేనెల తీరిపోతుంది. ముడుపు ఒకసారి విప్పితే, రెండోసారి విప్పడానికి చెయ్యి వెనకాడదు. పైగా అది అప్పుడే స్వామి సొమ్ము అయిపోయింది.

ఆ స్వామి కూడా అప్పుపడ్డవాడే. పద్మావతమ్మతో పెళ్ళికి కుబేరుని దగ్గర అప్పు తెచ్చినాడనీ, హుండీలో పడేది దానికి వడ్డీ అనీ మన కథ. అందుకే ఆయన వడ్డికాసులవాడు. ఆ సొమ్మంతా కొలిచి కొలిచి అలసిపోయింది ఆయన అన్న గోవిందరాజస్వామి అంట. ఈ ఆదివారం ఆయన గుడికి పోండి, రైలుస్టేషనుకు దగ్గరే. స్వామి పడుకొని ఉంటాడు. తలకింద ఏం పెట్టుకున్నాడో చూసి నాకు రాయండి.

మీ తాత