"జోకే కదా" అన్న మాట వెనుక

"జోకే కదా, అంత సీరియస్ ఎందుకు?" ఈ మాట అనగానే బాధపడ్డ మనిషి నోరు మూతపడుతుంది. గాయపడింది తనే అయినా, తప్పు తనదే అన్నట్టు తలదించుకుంటాడు.

1830ల ప్రాంతంలో అమెరికాలో థామస్ రైస్ అనే తెల్లజాతి నటుడు ముఖానికి మసి పూసుకుని, చింపిరి బట్టలతో నల్లజాతి మనిషిలా ఎగిరి పాడేవాడు. ఆ పాత్ర పేరు జిమ్ క్రో. జనం పడీపడీ నవ్వారు. బానిసత్వం రద్దయ్యాక దక్షిణ రాష్ట్రాలు నల్లజాతివాళ్లను రైళ్లలో, బడుల్లో వేరుగా కూర్చోబెడుతూ చట్టాలు చేశాయి. వాటిని లోకం పిలిచిన పేరు జిమ్ క్రో చట్టాలు. అవి 1960ల దాకా నడిచాయి. వెక్కిరింపే ఆ చట్టాలను పుట్టించిందని నేను అనను. కానీ ఏళ్ల తరబడి నవ్వులపాలైన మనిషికి అన్యాయం జరుగుతుంటే చూసేవాళ్లకు పెద్దగా నొప్పి పుట్టదు.

ఎదుటివాళ్ల లోపం చూసి మనం గొప్ప అనిపించి నవ్వుతామని 1651లోనే తత్వవేత్త థామస్ హాబ్స్ రాశాడు. 1954లో మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ ద్వేషం మెట్లు మెట్లుగా ఎలా పెరుగుతుందో చెప్పాడు: మొదట చులకన మాటలు, తర్వాత దూరం పెట్టడం, వివక్ష, దాడి, చివరికి సామూహిక హత్య.

మరి జోకు విని మంచివాడు చెడిపోతాడా? అంత తేలిగ్గా కాదు. 2008లో మనస్తత్వవేత్త థామస్ ఫోర్డ్ బృందం కొందరు మగవాళ్లకు ఆడవాళ్లను కించపరిచే జోకులు చదివించింది. ఇంకొందరికి అలాంటి మాటలే జోకు కాకుండా నేరుగా చదివించింది. తర్వాత ఒక మహిళా సంస్థకు ఎంత విరాళం ఇస్తారని అడిగింది. ఆడవాళ్లంటే ముందే చిన్నచూపు ఉన్నవాళ్లలో, జోకులు చదివినవాళ్లే తక్కువ ఇస్తామన్నారు. నేరుగా అన్న తిట్టు చేయని పని జోకు చేసింది! తిట్టు వినగానే మనిషి జాగ్రత్తపడతాడు. జోకుకు పక్కవాళ్లు కూడా నవ్వుతుంటే మాత్రం, లోపల అణచుకున్నది బయటపెట్టినా ఇక్కడ ఎవరూ ఏమీ అనరన్న ధైర్యం వస్తుంది.

ఫోర్డ్ అంతకుముందు, 2000లో చేసిన ప్రయోగాల్లో మరో సంగతి తేలింది. అలాంటి జోకులనే సరదాగా వదిలేయకుండా సీరియస్‌గా ఆలోచిస్తూ చదివినప్పుడు, ఆ ధైర్యం కనిపించలేదు.