రెండు లైన్లుంటే నెట్ ఆగదా? అపోహలు - వాస్తవాలు

వైజాగ్‌లో ఏ ఆఫీసుకి వెళ్లినా ఒకటే మాట వింటాను. "మాకు రెండు కంపెనీల లైన్లున్నాయండి, ఒకటి పోతే రెండోది అందుకుంటుంది." ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ అయినా, గాజువాకలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు అయినా ఇదే ధీమా. తీరా లైను పోయిన రోజు మొత్తం ఆగిపోతుంది. ఇక పుకార్లు మొదలు: రౌటర్ డూప్లికేట్‌దట, కంపెనీవాళ్లు కావాలనే ఆపేశారట. ఇలాంటివి నమ్మి కొత్త రౌటర్లు కొన్నవాళ్లు ఉన్నారు. దయచేసి కొనకండి, ముందు ఇది చదవండి.

అపోహ: రెండో లైను ఉంటే చాలు, దానంతటదే మారిపోతుంది.

మారాలంటే ముందు మొదటి లైను పోయిందని రౌటర్‌కి తెలియాలి. నష్టమంతా ఇక్కడే జరుగుతోంది. మీ రౌటర్‌కీ బయటి ఫైబర్‌కీ మధ్య సాధారణంగా ఒక మీడియా కన్వర్టరో (ఫైబర్‌లో వచ్చే వెలుగుని మామూలు కేబుల్ సిగ్నల్‌గా మార్చే చిన్న డబ్బా) స్విచ్చో ఉంటుంది. ఎక్కడో రోడ్డు మీద జేసీబీ ఫైబర్ తెంపినా, మీ గదిలో రౌటర్ నుంచి కన్వర్టర్‌కి వెళ్లే చిన్న కేబుల్ బాగానే ఉంటుంది కదా! పోర్టు మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. స్టాటిక్ రూట్ (మనం చేత్తో రాసి పెట్టే స్థిరమైన దారి) పెట్టి వదిలేసిన రౌటర్ ఆ లైటునే నమ్మి, ప్యాకెట్లన్నీ, అంటే డేటా ముక్కలన్నీ, తెగిన దారిలోకే పంపుతుంది. రెండో లైను పక్కనే ఖాళీగా ఉంటుంది. నెలనెలా దానికి బిల్లు మాత్రం కడుతుంటాం.

సిటీలో ఒక ఆసుపత్రిలో ఇలాగే అయింది. రాత్రిపూట స్కాన్ రిపోర్టులు ఆగిపోయాయి. ఐటీ చూసుకునే కుర్రాడు రౌటర్‌ని ఆపి ఆన్ చేస్తూనే ఉన్నాడు. ఎన్నిసార్లు చేసినా మళ్లీ పచ్చ లైటు, మళ్లీ అదే దారి. నేను వెళ్లేసరికి టెన్షన్‌తో అతని చేతులు వణుకుతున్నాయి. "సార్, నేనేం తప్పు చేశాను?" అన్నాడు. అతని తప్పు ఏమీ లేదు. లైన్లు పెట్టినవాళ్లు రెండు కేబుళ్లు గుచ్చి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు. లైను బతికుందో లేదో కనిపెట్టే ఏర్పాటు ఎవరూ చేయలేదు.

ఆ ఏర్పాటుకి పెద్ద ఖర్చేమీ ఉండదు. మొదటి లైను మీద రౌటర్ నిరంతరం పింగ్ (ఉన్నావా అని అడిగి జవాబు కోసం చూసే చిన్న ప్యాకెట్) పంపుతూ ఉండాలి. కంపెనీ గేట్‌వే (వాళ్ల వైపు మొదటి రౌటర్) వరకే పంపితే దాని వెనక తెగినప్పుడు తెలియదు. అందుకని బయట నమ్మకంగా పలికే రెండు మూడు అడ్రసులకి పెట్టాలి, అన్నీ పలకడం మానేస్తేనే లైను మార్చాలి. ఆ పింగ్‌ని మొదటి లైనుకే కట్టేయడం మరీ ముఖ్యం. లేకపోతే లైను మారగానే పింగ్ రెండో దారిలో వెళ్లి "మొదటిది బాగైంది" అని చెబుతుంది, రౌటర్ అటూ ఇటూ మారుతూనే ఉంటుంది.

బ్రాంచీలన్నీ ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని దారులు ఎంచుకునే పద్ధతి) మీద నడిపేవాళ్లకీ ఇదే జబ్బు. ఈథర్నెట్ మీద మామూలుగా పక్క రౌటర్‌కి పంపే హలో పలకరింపు 10 సెకన్లకొకటి, అవి రాకపోతే అది పోయిందని తేల్చే డెడ్ టైమర్ 40 సెకన్లు. మధ్యలో స్విచ్ ఉంటే ఆ 40 సెకన్లూ ట్రాఫిక్ గోతిలోకే పోతుంది. లైను బతికుందో లేదో చకచకా చూడటానికే 2010లో ప్రమాణంగా వచ్చిన బీఎఫ్‌డీ అనే పద్ధతిని 50 మిల్లీసెకన్లకొక ప్యాకెట్, వరసగా మూడు రాకపోతే డౌన్ అని పెడితే 150 మిల్లీసెకన్లలో సంగతి తెలిసిపోతుంది.

అపోహ: కంపెనీ "50 మిల్లీసెకన్లలో రికవరీ" అంది కాబట్టి మాకు భయం లేదు.

ఎస్‌డీహెచ్ రింగుల (టెలికాం కంపెనీల పాతకాలపు ఫైబర్ వలయాల) కాలం నుంచీ ఉన్న అంకె అది. ఇప్పటి కంపెనీ నెట్‌వర్కుల్లో వాడే ఎంపీఎల్ఎస్ ఫాస్ట్ రీరూట్ అనే పద్ధతిలోనూ బ్యాకప్ దారి ముందే సిద్ధం చేసి పెట్టుకుంటారు కాబట్టి అంత వేగం సాధ్యమే. కానీ అదంతా వాళ్ల నెట్‌వర్క్ లోపల. మీ బిల్డింగుకి వచ్చే చివరి ముక్క ఒక్కటే అయితే దాన్ని ఏ రీరూటూ కాపాడదు.

అపోహ: కంపెనీలు రెండైతే దారులూ రెండే.

బిల్లులు రెండు, కేబుళ్లు పాతిన గొయ్యి ఒకటే కావచ్చు. కేబుల్ ఏ దారిన వస్తోందో చూపే రూట్ మ్యాప్ అడగండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను స్తంభాలు కూల్చేసిన ఊరు మనది. రెండు లైన్లూ స్తంభాల మీదే వేలాడుతుంటే ఒక్క గాలికి రెండూ పోతాయి.

అపోహ: టైమర్లు ఎంత తగ్గిస్తే అంత మంచిది.

కాదు. వదులు స్ప్లైస్ (ఫైబర్ అతుకు) వల్ల లైను పోతూ వస్తూ ఉంటే నెట్‌వర్క్ అంతా దానితో పాటే ఊగుతుంది. పోయినప్పుడు వెంటనే మారాలి, తిరిగి వచ్చినప్పుడు కాసేపు చూసి మారాలి.

అపోహ: లైను మారినా కాల్ తెగదు.

కంపెనీ మారితే పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్‌లో మీ ఆఫీసు అడ్రస్) మారుతుంది. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే రహస్య దారి), కాల్ మళ్లీ కలవాల్సిందే. స్టాఫ్‌కి ఈ మాట ముందే చెప్పి పెట్టండి, కంగారు పడరు.

పరీక్షించేటప్పుడు చాలామంది రౌటర్ పోర్టులో కేబుల్ పీకి "మారింది, చూడండి" అంటారు. పీకితే పచ్చ లైటు ఆరిపోతుంది, అప్పుడు ఏ రౌటరైనా మారుతుంది. పీకాల్సింది కన్వర్టర్‌కి అవతలి వైపు ఫైబర్‌ని. రద్దీ లేని వేళ, కంపెనీవాళ్లకి చెప్పి పీకండి. ఎన్ని సెకన్లకి మారిందో రాసుకోండి, తిరిగి పెట్టాక వెనక్కి ఎప్పుడు వచ్చిందో కూడా.